అప్రెంటిస్‌షిప్ ఇంటర్వ్యూకి నేను ఎలా ప్రిపేర్ అయ్యానంటే (నా అనుభవం)

నాది బీఎస్సీ, ఎంపీసీఎస్ గ్రూపు. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. డిగ్రీ కాలేజీలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అంటే ఏదో కాల్ సెంటరో, బ్యాంకు వాళ్ళ సేల్స్ జాబో వస్తుంది తప్ప సాఫ్ట్‌వేర్ కంపెనీలు మా గేటు దాకా రావు, వచ్చినా బీటెక్ ఉందా అని అడుగుతారు. అందుకే నేను అప్రెంటిస్‌షిప్ వైపు, అంటే కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే ట్రైనింగ్ వైపు చూశా. ఇప్పుడు నాకు వచ్చిందని తెలిసాక జూనియర్స్ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అక్కా ఏం చదివావ్, ఏం అడిగారు, ఎన్ని రౌండ్లు అని మెసేజ్‌లు పెడుతున్నారు, అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేదు, అందుకే ఒకేసారి మొత్తం రాసేస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఇదేంటో చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చెప్పినప్పుడు మా మామయ్య అదేందమ్మా, అప్రెంటిస్ అంటే సింగరేణిలో ఐటీఐ పిల్లలు చేసేది కదా, నువ్వు డిగ్రీ చదివి అది చేస్తావా అన్నాడు. ఆయన తప్పేం లేదు, మా వైపు అందరికీ తెలిసింది అదే. కానీ 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద డిగ్రీ వాళ్ళకీ డిప్లొమా వాళ్ళకీ కూడా అవకాశం ఉంది, దానికోసం కేంద్రం నడిపే స్కీమ్ పేరు నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్). 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి కంపెనీ తన స్టాఫ్‌లో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి అని రూలు. స్టైపెండ్ డిగ్రీ వాళ్ళకి కనీసం 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 అని 2019 రూల్స్‌లో పెట్టారు, నేను అప్లై చేసినప్పుడు అదే లెక్క. ఆ కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వం భరిస్తుంది. కంపెనీ ఇష్టమైతే ఎక్కువ ఇవ్వొచ్చు, నాకు ఇస్తామన్నది కూడా కొంచెం ఎక్కువే.

ఇంకో విషయం, ఇది ఉద్యోగం కాదు. చట్టం ప్రకారం మనం ట్రైనీలం, పీఎఫ్ ఉండదు, ఏడాది అయ్యాక కచ్చితంగా ఉద్యోగం ఇవ్వాలన్న రూలు కూడా లేదు. ఇది ముందే తెలుసుకుని వెళ్ళడం వల్ల ఇంటర్వ్యూలో నాకు బాగా ఉపయోగపడింది, ఎలాగో కింద చెప్తా.

రిజిస్ట్రేషన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నాట్స్ పోర్టల్‌లో స్టూడెంట్‌గా రిజిస్టర్ అవ్వాలి, ఆధార్, మార్కుల మెమోలు, ప్రొవిజనల్, బ్యాంక్ అకౌంట్, ఫోటో ఇవి రెడీగా ఉంటే ఒక పూటలో అయిపోతుంది. రూపాయి ఖర్చు లేదు. ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని అడిగితే ఆ నంబర్ బ్లాక్ చేసేయండి, నాకు అలాంటి కాల్స్ వచ్చాయి, చాలా మర్యాదగా మేడమ్ మేడమ్ అంటూ మాట్లాడతారు. ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో ఎక్కువగా మార్కుల మెరిట్ చూసి సర్టిఫికెట్లు చెక్ చేసి తీసుకుంటారు, ఇంటర్వ్యూ గొడవ ఉండదు. నా మార్కులు ఆ మెరిట్‌కి సరిపోవు కాబట్టి ప్రైవేటు కంపెనీలకి ఎక్కువ పెట్టుకున్నా. చాలా చోట్ల నుంచి జవాబే రాలేదు. చివరికి మాదాపూర్‌లో ఒక మోస్తరు కంపెనీ, టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే పని) ఇంకా సపోర్ట్ టీమ్‌లో అప్రెంటిస్ కోసం, ఒక చిన్న ఆన్‌లైన్ టెస్ట్ పెట్టి, అది పాస్ అయ్యాక హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేసి వచ్చే వారం డైరెక్ట్‌గా ఆఫీసుకి రండి, టెక్నికల్ ఇంటర్వ్యూ ఉంటుంది అన్నారు.

అది నా జీవితంలో మొదటి ఇంటర్వ్యూ. వైవా కాకుండా అన్నమాట. వైవాలో మన సారే కదా అడిగేది, రికార్డు నీట్‌గా ఉంటే సగం మార్కులు అక్కడే వేసేస్తారు.

మొదట అందరూ చేసేదే నేనూ చేశా, టాప్ 100 పైథాన్ ఇంటర్వ్యూ ప్రశ్నలు, టాప్ 50 ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి వివరాలు తీసే భాష) ప్రశ్నలు అని పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసి చదవడం. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. లిస్ట్‌కి టపుల్‌కి తేడా ఏంటి, తెలుసు. ప్రైమరీ కీ అంటే ఏంటి, టేబుల్‌లో ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టేది, తెలుసు. మా సీనియర్ ఒక అక్క గచ్చిబౌలిలో టెస్టింగ్ చేస్తుంది, ఆమెకి ఫోన్ చేసి ప్రిపరేషన్ బాగానే నడుస్తుంది అక్కా అంటే, సరే అయితే ప్రైమరీ కీ అంటే ఏంటో ఇప్పుడు నాకు చెప్పు అంది. నేను మొదలుపెట్టా, రెండు వాక్యాలు ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశా, ఆమె మధ్యలో ఆపి, సరే మీ ఊళ్ళో రేషన్ కార్డుల టేబుల్ చేస్తే దేన్ని ప్రైమరీ కీ పెడతావ్, పేరు పెడితే ఏమవుద్ది, ఫోన్ నంబర్ పెడితే ఏమవుద్ది అని అడిగింది. అక్కడ ఆగిపోయా. తెలియక కాదు, ఆలోచిస్తే తెలుస్తుంది, ఒకే పేరు ఇద్దరికి ఉంటుంది, ఫోన్ నంబర్ మారిపోతుంది, ఇంట్లో నలుగురికీ ఒకటే నంబర్ ఉంటుంది, కానీ ఆ ఆలోచన నోట్లోకి రావడానికి టైమ్ పట్టింది. అప్పుడు అక్క ఒక మాట అంది, అప్రెంటిస్‌కి వచ్చినవాళ్ళకి అన్నీ వచ్చి ఉండాలని ఎవరూ అనుకోరే, నువ్వు ఎలా ఆలోచిస్తున్నావో వాళ్ళకి వినపడాలి అంతే అని.

ఆ రోజు నుంచి పీడీఎఫ్‌లు పక్కన పెట్టా. నిజం చెప్పాలంటే ఆ పీడీఎఫ్‌ల మీద నాకు ఇప్పటికీ మంచి అభిప్రాయం లేదు, ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ కొట్టి పెట్టినవే, కొన్నిట్లో జవాబులు కూడా తప్పు.

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. వాడికి కంప్యూటర్స్ రావు, అదే నాకు కలిసొచ్చింది. రోజూ రాత్రి అన్నాలయ్యాక వాడిని కూర్చోబెట్టి ఒక్కో టాపిక్ చెప్పేదాన్ని, ముందు తెలుగులో. వాడి పని ఒక్కటే, అర్థం కాని చోట ఎందుకు అని అడగడం. బ్రౌజర్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుంది అనేది ఫ్రెషర్స్‌ని బాగా అడిగే ప్రశ్న, దాన్ని వాడికి చెప్పడానికి ప్రయత్నించా. పేరు కొడతాం, కంప్యూటర్‌కి పేర్లు తెలియవు, ఐపీ అడ్రస్ కావాలి, అందుకని డీఎన్ఎస్‌ని, అంటే ఏ పేరుకి ఏ అడ్రసో చెప్పే సర్వర్‌ని అడుగుతుంది. ఎందుకు, ప్రతిసారీ అడుగుతుందా అన్నాడు. లేదు, ఒకసారి అడిగింది కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. ఎంతసేపు? ఆ రికార్డుతోనే ఎంతసేపు దాచుకోవచ్చో టైమ్ వస్తుంది, టీటీఎల్ అని. ఇది నేను అంతకుముందు చదవలేదు, వాడు అడిగాక వెతికి తెలుసుకున్నా. తర్వాత సర్వర్‌తో టీసీపీ కనెక్షన్, ముందు ఇటు నుంచి సిన్, అటు నుంచి సిన్-యాక్, మళ్ళీ ఇటు నుంచి యాక్, ఆ మూడు అడుగులు అయ్యాక హెచ్‌టీటీపీఎస్ అయితే టీఎల్ఎస్, అంటే సర్టిఫికెట్ చూసి, మధ్యలో ఎవరూ చదవకుండా తాళం ఒప్పందం చేసుకోవడం, అప్పుడు అసలు రిక్వెస్ట్ వెళ్తుంది, జవాబుగా హెచ్‌టీఎంఎల్, అంటే పేజీ రాసి ఉన్న ఫైల్ వస్తుంది, దాంట్లో ఉన్న బొమ్మలకీ స్టైల్ ఫైళ్ళకీ మళ్ళీ విడిగా రిక్వెస్టులు. జవాబుతో పాటు ఒక నంబర్ కూడా వస్తుంది, 404 అంటే పేజీ లేదు, 403 అంటే ఉన్నా నీకు పర్మిషన్ లేదు, 500 అంటే తప్పు సర్వర్ వైపు. మా వాడు అయితే రిజల్ట్స్ రోజు ఇంటర్ బోర్డు సైట్ ఓపెన్ కాకపోతే వచ్చేది ఏది అన్నాడు. లోడ్ తట్టుకోలేకపోతే ఎక్కువగా 503 అని చెప్పా. సపోర్ట్ జాబ్‌కి ఇది ఎంత పనికొచ్చే జ్ఞానమో తర్వాత తెలిసింది.

తెలుగులో సాఫీగా వచ్చాక అదే ఇంగ్లీష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకునేదాన్ని. నాది టెన్త్ దాకా తెలుగు మీడియం. సొంత గొంతు వినడం మహా ఇబ్బందిగా ఉంటుంది, ప్రతి రెండో మాట యాక్చువల్లీ అంటున్నానని అప్పుడే తెలిసింది. ఇంగ్లీష్ గురించి నా ఉద్దేశం ఏంటంటే గ్రామర్ గురించి టెన్షన్ పడేవాళ్ళు అనవసరంగా పడుతున్నారు, చిన్న చిన్న వాక్యాలు చాలు, ఫస్ట్ ఇట్ చెక్స్ ది క్యాష్, ఇఫ్ నాట్ దేర్, ఇట్ ఆస్క్స్ డీఎన్ఎస్, ఇలా. తెలుగులో ఒక వరస కుదిరితే ఇంగ్లీష్‌లోకి అది తెచ్చుకోవడం అంత కష్టం కాదు, తెలుగులోనే కుదరకపోతే మాత్రం ఇంగ్లీష్ ఎంత వచ్చినా గాల్లో మాట్లాడినట్టే ఉంటుంది.

ఇక అసలు కథ ప్రాజెక్టు. కాలేజీలో చేసిన ప్రాజెక్టు లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, మా బ్యాచ్‌లో సగం మందిది అదే, నేనైతే దాన్ని రెజ్యూమ్‌లోంచి తీసేశా. దాని బదులు ఒక చిన్నది పెట్టా. మాకు గేదెలు ఉన్నాయి, అమ్మ పొద్దున సాయంత్రం పాల కేంద్రంలో పాలు పోస్తుంది. వాళ్ళు ఒక స్లిప్ ఇస్తారు, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాకుండా ఉండే ఘన పదార్థం), రేటు, మొత్తం ఎంత. 15 రోజులకి ఒకసారి బిల్లు. అమ్మకి ఎప్పుడూ అనుమానమే, ఫ్యాట్ తక్కువ రాస్తున్నారేమో అని. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఆ స్లిప్పులన్నీ పైథాన్‌లో ఎక్కించి, బిల్లుకి టాలీ అవుతుందో లేదో చూసే ప్రోగ్రామ్ రాసుకున్నా, ముందు సీఎస్‌వీ ఫైల్‌లో, తర్వాత ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో. చూడ్డానికి ఏమీ ఉండదు, నల్ల స్క్రీన్ మీద అంకెలు. ఇది రెజ్యూమ్‌లో పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించా, నవ్వుతారేమో అని. అక్క మాత్రం ఇదొక్కటే పెట్టు, మిగతాది తీసెయ్ అంది.

ఇంటర్వ్యూ కోసం ఆ ప్రోగ్రామ్‌ని మళ్ళీ తెరిచి ప్రతి లైనూ ఎందుకు రాశానో నాకు నేనే చెప్పుకుంటూ పోయా. అప్పుడు బయటపడ్డ సంగతులే ఇంటర్వ్యూలో నన్ను కాపాడాయి. ఒకటి, ఫ్యాట్ సగటు. పొద్దున 4 లీటర్లకి ఫ్యాట్ 6.0, సాయంత్రం 2 లీటర్లకి 7.5 అనుకోండి, రెండూ కలిపి రెండుతో భాగిస్తే 6.75 వస్తుంది, కానీ పాలు పొద్దున ఎక్కువ కదా, లీటర్లతో గుణించి చేస్తే 39ని 6తో భాగించాలి, 6.5 వస్తుంది. అమ్మ నోటి లెక్కకీ బిల్లుకీ తేడా వస్తుంది అనుకోవడానికి ఒక కారణం ఇదే. ఇంకోటి, ఏదో ఒక పూట స్లిప్ పోయింది అనుకోండి, ఆ పూట ఫ్యాట్ సున్నా అని పెట్టాలా, ఖాళీగా వదలాలా. 30 పూటల్లో 29 పూటలు 6.5 ఉండి ఒకటి సున్నా పెడితే సగటు 6.28కి పడిపోతుంది, కేంద్రం వాళ్ళు మోసం చేశారు అనిపిస్తుంది. నల్, అంటే విలువ లేదు అని పెడితే ఎస్‌క్యూఎల్‌లో సగటు తీసే ఫంక్షన్ దాన్ని లెక్కలోకే తీసుకోదు. నల్‌కీ సున్నాకీ తేడా అని పుస్తకంలో ఒక లైన్ ఉంటుంది, ఆ లైన్ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా కూడా, అదేంటో తెలిసింది మాత్రం ఈ స్లిప్పుల వల్లే. మూడోది డబ్బుల లెక్క. పైథాన్‌లో 0.1 + 0.2 అని కొడితే 0.30000000000000004 అని వస్తుంది, ఎందుకంటే కంప్యూటర్ దశాంశాలని బైనరీలో దాస్తుంది, 0.1 అందులో సరిగ్గా ఇమడదు. అందుకే డబ్బుని పైసల్లో పూర్ణ సంఖ్యగా పెట్టుకోవాలి, లేదంటే డెసిమల్ అనే మాడ్యూల్ వాడాలి. నేను పైసల్లోకి మార్చా.

వీటితో పాటు కాగితం మీద డ్రై రన్ చేయడం బాగా ప్రాక్టీస్ చేశా. చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు తీసుకుని, రన్ చేయకుండా, ఏ వేరియబుల్‌లో ఏముందో గడులు గీసి రాస్తూ పోవడం. ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, చార్జర్ తీస్తే ఆగిపోతుంది, మా ఊళ్ళో మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అలా కాగితం అలవాటైంది. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్స్, గ్రూప్ బై, వేర్‌కీ హావింగ్‌కీ తేడా ఇవి. కోడ్‌లో మార్పులు దాచిపెట్టే గిట్‌లో యాడ్, కమిట్, పుష్ దాకా. లైనక్స్‌లో ఫైళ్ళు చూడటం, గ్రెప్‌తో వెతకడం, ఫైల్ పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌లో 755 అంటే ఏంటో. అంతకంటే ముట్టుకోలేదు, ముట్టుకున్నా నిలిచేది కాదు.

రెజ్యూమ్ ఒక పేజీ. హాబీస్ అన్నీ తీసేశా. సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్, ఏఐ, ఎంఎల్ అని వరసపెట్టి రాసేవాళ్ళకి నా మాట ఒకటే, రాసిన ప్రతి పదం మీదా ప్రశ్న వస్తుంది. అమీర్‌పేటలో ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా తగిలారు, అప్రెంటిస్‌షిప్‌కి ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ ఏంటో వాళ్ళకే తెలియాలి.

ప్రయాణం గురించి క్లుప్తంగా. ముందు రోజే వచ్చేసి అక్క హాస్టల్లో పడుకున్నా. ఖమ్మం నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో వచ్చా, మహాలక్ష్మి పథకంలో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి జీరో టికెట్, సూపర్ లగ్జరీకి వర్తించదు. ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారితే హైటెక్ సిటీ వైపు వెళ్ళిపోవచ్చు. మెమోలు ఒరిజినల్స్, రెండు సెట్లు జిరాక్స్, నాట్స్ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఉన్న ప్రింట్ పెట్టుకున్నా. బట్టలు మామూలు కాటన్ చుడీదార్, అమ్మ పట్టుది కట్టుకోమంది గానీ వినలేదు.

ఇంటర్వ్యూలో ఇద్దరు ఉన్నారు, ఒక సర్ తెలుగాయన, ఒక మేడమ్ తెలుగు రాదు, కాబట్టి అంతా ఇంగ్లీషే. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అనగానే నాన్న పేరు, ఊరు పేరు, మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్ అనకుండా, ఏం చదివా, ఏం చేశా, ఎందుకు టెస్టింగ్ వైపు వచ్చా అని మూడు ముక్కల్లో చెప్పి పాల స్లిప్పుల దగ్గర ఆపేశా. కావాలనే అక్కడ ఆపా, తర్వాత ప్రశ్న దాని మీదే వస్తుందని అక్క చెప్పింది. వచ్చింది. మేడమ్‌కి ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ అంటే ఏంటో తెలియదు, నేను చెప్తుంటే ఆవిడ నోట్స్ రాసుకున్నారు. ఒక ఇంటర్వ్యూలో వాళ్ళకి తెలియంది నాకు తెలిసి నేను చెప్పడం, అదేదో వింతగా అనిపించి సగం భయం అక్కడే పోయింది.

తర్వాత సర్ దాన్నే పెంచుకుంటూ పోయారు. మీ అమ్మ ఒక్కరే కాకుండా ఊరు మొత్తం ఈ ప్రోగ్రామ్ వాడితే టేబుల్స్ ఎలా మారతాయి? రైతులది ఒక టేబుల్, పూటవారీ పాలది ఒక టేబుల్ అన్నా. ప్రైమరీ కీ ఏది అన్నారు, లోపల నవ్వొచ్చింది, కేంద్రం వాళ్ళు ఇచ్చే మెంబర్ నంబర్ అని చెప్పి ఫోన్ నంబర్ ఎందుకు కాదో కూడా చెప్పా. సరే, ఈ వారం ఒక్కసారి కూడా పాలు పోయని రైతుల లిస్ట్ తీయండి అని వైట్‌బోర్డ్ చూపించారు. లెఫ్ట్ జాయిన్ రాసి, అంటే ఎడమ టేబుల్‌లో రైతులందరినీ ఉంచి, పాల టేబుల్‌లో ఎంట్రీ లేనివాళ్ళకి నల్ చూపించేది, కుడివైపు నల్ ఉన్నవాళ్ళని తీశా. ఆయన తేదీ కండిషన్ ఎక్కడ పెట్టారు చూడండి, అది ఆన్‌లో కాకుండా వేర్‌లో పెడితే ఏమవుతుంది అన్నారు. వెంటనే తెలియలేదు. కొంచెం టైమ్ ఇవ్వండి సర్, పైకే ఆలోచిస్తా అని చెప్పి బోర్డు మీద ముగ్గురు రైతులని రాసుకుని, ఒకరికి ఈ వారం ఎంట్రీ, ఒకరికి పోయిన వారం ఎంట్రీ, ఒకరికి అసలు లేదు, జాయిన్ అయ్యాక వరసలు ఎలా వస్తాయో ఒక్కొక్కటీ చెప్తూ గీశా. వేర్‌లో తేదీ పెడితే నల్ ఉన్న వరస ఆ కండిషన్ దాటదు, మనకి కావాల్సిన మనిషే లిస్టులోంచి ఎగిరిపోతాడు, అప్పుడు లెఫ్ట్ జాయిన్ పెట్టీ ఉపయోగం లేదు, రెండు టేబుళ్ళలోనూ ఉన్నవాళ్ళనే చూపించే ఇన్నర్ జాయిన్ అయిపోయినట్టే. ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో ఒకచోట చెరిపి మళ్ళీ గీశా, వాళ్ళు ఇద్దరూ తొందరపెట్టలేదు.

మేడమ్ ఒక పైథాన్ ముక్క ప్రింట్ ఇచ్చారు. లిస్ట్‌లో 2, 4, 6, 7 ఉన్నాయి, ఫర్ లూప్‌లో తిరుగుతూ సరి సంఖ్య కనపడితే అదే లిస్ట్‌లోంచి తీసేయడం. ఏం మిగులుతుంది? చూడగానే 7 అనిపిస్తుంది. కాగితం మీద గడులు గీశా, మొదటి చోట 2 పోతుంది, మిగతావి ముందుకి జరుగుతాయి, లూప్ రెండో చోటికి వెళ్తుంది, అక్కడ ఇప్పుడు ఉన్నది 6, అంటే 4ని చూడకుండానే దాటేసింది, చివరికి 4, 7 మిగులుతాయి. ఎలా సరిచేస్తారు అంటే కొత్త లిస్ట్ కట్టుకుంటా అన్నా. టెస్టర్‌గా అయితే ఏ ఇన్‌పుట్ ఇచ్చి ఈ తప్పు పట్టుకుంటారు అన్నారు. పక్కపక్కన రెండు సరి సంఖ్యలు ఉన్నది, అన్నీ సరి సంఖ్యలే ఉన్నది అని చెప్పా. 2, 3, 4, 5 లాంటిది ఇస్తే తప్పు బయటపడదు అని కూడా అన్నా, ఆ మాటకి మేడమ్ తల ఊపారు.

డాకర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి ఒక ప్యాకెట్‌లా నడిపే టూల్) వచ్చా అన్నారు. రాదు, పేరు విన్నా, వాడలేదు అన్నా. రేపు టీమ్‌లో అది వాడాల్సి వస్తే ఎలా మొదలుపెడతారు అని అడిగారు. ముందు అఫీషియల్ డాక్యుమెంటేషన్‌లో గెట్ స్టార్టెడ్ చదివి, నా పాల ప్రోగ్రామ్‌నే దాంట్లో పెట్టి రన్ చేయడానికి ట్రై చేస్తా, ఆగిపోయిన చోట ఎర్రర్ మెసేజ్‌తో సహా ఏమేం ట్రై చేశానో రాసుకుని అప్పుడు టీమ్‌లో అడుగుతా అన్నా. దీనికి నేను ప్రిపేర్ అవ్వలేదు, తమ్ముడి ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూ రోజూ చేసిన పనే కాబట్టి అలా వచ్చేసింది.

చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నారు. చాలామంది నథింగ్ సర్ అనేస్తారు, అలా అనకండి. చట్టం గురించి చదివింది ఇక్కడ పనికొచ్చింది. ఈ కాంట్రాక్ట్ నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేస్తారా, బాండ్ ఏమైనా ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకుంటారా, నాకు నేర్పేది ఎవరు, పోయినసారి తీసుకున్న అప్రెంటిస్‌లు ఇప్పుడేం చేస్తున్నారు, ఇవి అడిగా. ఒరిజినల్స్ మాట మాత్రం కొంచెం భయంగానే అడిగా, అలా పెట్టుకునే చోట్లు ఉన్నాయని విన్నా కాబట్టి. సర్ ఏమీ అనుకోలేదు, ఉంచుకోం, చూసి ఇచ్చేస్తాం అన్నారు, పోయిన బ్యాచ్‌లో కొంతమందిని ఉంచుకున్నాం, అందరినీ కాదు అని సూటిగానే చెప్పారు. అందరినీ తీసుకుంటాం అని చెప్పుంటే నాకు అనుమానం వచ్చేది.

కొన్ని రోజులు ఏ కబురూ లేదు. మా నాన్న రోజూ ఫోన్ వచ్చిందా అని అడగడం, అమ్మ ఆయన్ని ఊరుకోమనడం, ఇదే నడిచింది. తర్వాత మెయిల్ వచ్చింది, 12 నెలల అప్రెంటిస్‌షిప్, జాయినింగ్ డేట్‌తో సహా. కంపెనీ వాళ్ళు పోర్టల్‌లో కాంట్రాక్ట్ పెడితే నా లాగిన్‌లో చూసుకుని ఒప్పుకోవాలి, తర్వాత అది మన సదరన్ రీజియన్ అప్రెంటిస్‌షిప్ బోర్డు, చెన్నైలో ఉంటుంది, వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. ఏడాది పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇచ్చేది కూడా ఆ బోర్డే.

ఒక్కటి మాత్రం ఇంటర్వ్యూకి ముందే చేసి పెట్టుకోండి. స్టైపెండ్‌లో ప్రభుత్వం వాటా నేరుగా మన అకౌంట్‌లో పడాలంటే బ్యాంక్ అకౌంట్‌కి ఆధార్ సీడింగ్ అయి ఉండాలి. అకౌంట్‌కి ఆధార్ కాపీ ఇచ్చాం కదా అంటే సరిపోదు, డీబీటీ, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా అకౌంట్‌లో పడటం కోసం, ఆధార్ ఏ బ్యాంకుకి కలిసి ఉందో చూపించే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని విడిగా ఉంటుంది, బ్రాంచ్‌కి వెళ్ళి ఫారం ఇస్తే చేస్తారు. పాత స్కాలర్‌షిప్ అకౌంట్ వేరే బ్యాంకులో ఉంటే మ్యాపింగ్ దానికే ఉండిపోయి ఉండొచ్చు, ఏ బ్యాంకుకి ఉందో ఆధార్ సైట్‌లో చూసుకోవచ్చు. నాది డిగ్రీలో తీసిన అకౌంట్‌కి ఉంది, దాని ఏటీఎం కార్డు ఎక్స్‌పైర్ అయిపోయింది, సోమవారం బ్యాంకుకి వెళ్ళి మార్పించుకుని మంగళవారం పొద్దున బస్సు ఎక్కుతున్నా. ఇంకేమైనా డౌట్స్ ఉంటే ఈలోపే అడగండి, జాయిన్ అయ్యాక ఎంత ఖాళీ ఉంటుందో చెప్పలేను.